ఓటమి భారము ఎవరిది? — ఆన్‌లైన్ క్రీడలలోని దూషణకు కారణ విచారము

కుండకు కారణమేమని తర్కశాస్త్రము ఆరంభించిన విద్యార్థిని అడిగిన, కుమ్మరి అని వెంటనే చెప్పును. మట్టి మాట ఏమైనది, చక్రము మాట ఏమైనదని గురువు మరల అడుగును. కార్యమొక్కటియే అయినను కారణములు పెక్కు. వానిలో కంటికి ముందుగా కనబడునది నిమిత్తకారణము మాత్రమే. ఈ పాఠము కుండలకును వస్త్రములకును మాత్రమే పనికివచ్చునని తలంపనక్కరలేదు. నేడు లక్షలాది యువకులు రాత్రివేళ తమ గదులలో కూర్చుండి, ముఖమెరుగని అపరిచితులతో జట్టుకట్టి ఆన్‌లైన్ క్రీడలాడుచున్నారు. ఆడుచు ఒకరినొకరు ఘోరముగా దూషించుకొనుచున్నారు. దీనికి కారణమేమని అడిగిన, లోకము చెప్పు సమాధానములు ఆ తొలినాటి విద్యార్థి సమాధానము వంటివే. పిల్లలు చెడిపోయిరని కొందరు, ఆటలోని రక్తపాతము చూచి మనస్సు మొద్దుబారినదని కొందరు, ముఖము కనబడదు గనుక నోరు అదుపు తప్పినదని కొందరు చెప్పుదురు. మూడింటిలోను కొంత సత్యము కలదు. ఏ ఒక్కటియు పరీక్షకు పూర్తిగా నిలువదు.

ముందు ఆ ప్రవర్తన ఏమిటో తెలియవలెను. క్రీడాకారులు దానిని ‘టాక్సిక్’ అందురు, విషపూరితమని అర్థము. తల్లిని, జాతిని, దేశమును, శరీరవర్ణమును ఎత్తి తిట్టుట అందు స్థూలరూపము. సూక్ష్మరూపములును కలవు. సొంత జట్టు ఓడవలెనని బుద్ధిపూర్వకముగా శత్రువు చేతికి చిక్కుట, ఆట నడుమ లేచిపోవుట, తప్పు చేసిన సహచరుడు నిలిచిన చోటనే తెరపై ప్రశ్నార్థక చిహ్నమును పదే పదే మ్రోగించుట ఇట్టివి. ఈ చివరిది బయటివారికి నవ్వు పుట్టించును. ఆడువానికి మాత్రము ఆ చిన్న ధ్వని చెంపదెబ్బ వంటిది.

అమెరికాలోని యాంటీ డిఫమేషన్ లీగ్ అను సంస్థ 2019లో జరిపిన సర్వేలో, ఆన్‌లైన్ క్రీడలాడు వయోజనులలో 74 శాతము మంది తాము ఏదో ఒక రూపమున వేధింపునకు గురియైనట్లు తెలిపిరి. అంతకు రెండేండ్ల పూర్వము, 2017 డిసెంబరు 28న, కాన్సాస్ రాష్ట్రములోని విచిటా నగరమున జరిగిన ఘటన ఇంకను దారుణము. కాల్ ఆఫ్ డ్యూటీ అను ఆటలో ఒకటిన్నర డాలరు పందెము చుట్టు ఇద్దరు యువకుల నడుమ కలహము పుట్టెను. వారిలో ఒకని ప్రేరణచే మూడవవాడొకడు, ఒక ఇంట హత్య జరిగినదని పోలీసులకు అబద్ధపు ఫోను చేసెను. ఆ చిరునామాలో నివసించు గృహస్థునకు ఆ ఆటతో గాని ఆ కలహముతో గాని ఏ సంబంధమును లేదు. ఏమి జరుగుచున్నదో చూడవలెనని తలుపు తీసి గుమ్మమున నిలిచిన అతడు పోలీసు తుపాకీ గుండుకు బలియయ్యెను. ఫోను చేసినవానికి 2019లో 20 సంవత్సరముల కారాగారశిక్ష పడినది. కావున ఇది పిల్లకాయల తగవు అని త్రోసిపుచ్చదగిన విషయము కాదు.

కారణ విచారమునకు పది ఆటలను పైపైన చూచుట కంటె ఒక్కదానిని నిశితముగా చూచుట మేలు. అందులకు 2009 అక్టోబరులో రయట్ గేమ్స్ అను అమెరికా సంస్థ విడుదల చేసిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ మిక్కిలి తగినది. దూషణ విషయమున బహు అపకీర్తి పొందిన ఆటలలో అది ఒకటి. ఆ అపకీర్తిని దాచిపెట్టక, మనస్తత్వశాస్త్రజ్ఞులను నియమించి కారణములు వెదకించిన సంస్థలలో అదియును ఒకటి.

ఆట స్వరూపము ఇది. ఇరువైపుల ఐదుగురు చొప్పున పదిమంది. ఎదుటివారి స్థావరమును కూల్చినవారికి జయము. ఒక్కొక్క మ్యాచ్ ఇంచుమించు అరగంట సాగును, కొన్ని ముప్పావుగంట వరకు పోవును. జట్టులోని ఐదుగురు తరచుగా ఒకరికొకరు అపరిచితులు. వారిని ఒకచోట చేర్చునది కంప్యూటరు. ఆట మొదలైన పిదప విడిచిపోవుటకు వీలులేదు, పోయినవానికి శిక్ష కలదు. ఓటమి తప్పదని తెలిసినను, లొంగిపోవలెనన్న ఐదుగురిలో కనీసము నలుగురు అంగీకరింపవలెను. అనగా, ఒకరినొకరు ఎన్నుకొనని ఐదుగురు, ఒకరి నుండి ఒకరు తప్పించుకొనలేని విధముగా అరగంటసేపు బంధింపబడుచున్నారు.

ఇందు ఒక నియమము ప్రత్యేకముగా గమనింపదగినది. ఒక ఆటగాడు చనిపోయిన, చంపినవానికి సామాన్యముగా 300 బంగారు నాణెములు లభించును. వానితో అతడు మేలైన ఆయుధములు కొనును. కొని మరింత బలవంతుడై మరల వచ్చును. కావున సహచరుని పొరపాటు అతనితో ఆగిపోదు. శత్రువును పోషించి తక్కిన నలుగురి మీదికి పంపును. ఆటగాళ్ళు దీనిని ‘ఫీడింగ్’ అందురు. శత్రువునకు అన్నము పెట్టుట అన్నమాట. పదము ఎంత కటువుగా ఉన్నదో అంత నిక్కముగాను ఉన్నది. క్రికెట్టులో ఒక బ్యాట్స్‌మన్ సున్నాకు అవుటైన, అందువలన ఎదుటి బౌలరు బంతికి వేగము పెరగదు. ఇచట పెరుగును. ఒకని తప్పిదమునకు నలుగురు వడ్డీతో సహా చెల్లింపవలసియుండుట ఈ ఆట నిర్మాణములోనే ఉన్నది.

అంతటితో కాలేదు. చనిపోయినవాడు మరల పుట్టుటకు కొంతకాలము వేచియుండవలెను. ఆట ముదిరిన కొలది ఆ కాలము పెరిగి, తుదకు నిమిషమునకు చేరువగా వచ్చును. ఆ కాలములో అతనికి చేయదగిన పని దాదాపు ఏమియు లేదు. చేతులు ఖాళీ, కీబోర్డు ఎదుటనే ఉన్నది, చావు తాజాగా ఉన్నది, అక్షరములు టైపు చేయుటకు చాట్ పెట్టె తెరచియే ఉన్నది. బ్రతికియున్నవానికి రెండు చేతులును ఆటతోనే సరిపోవును. తిట్టుటకు తీరిక చచ్చినవానికే. ఆట రూపొందించినవారు ఈ ఏర్పాటు కలహము కొరకు చేయలేదు. కాని కలహమునకు ఇంతకంటె అనుకూలమైన ఏర్పాటు కోరి చేయవలెనన్నను సులభము కాదు.

జట్టులో ఐదు స్థానములు కలవు. నలుగురికి నియతమైన దారులుండును, ఐదవవాడు ‘జంగ్లర్’. అతడు దారుల నడుమనున్న అడవిలో తిరుగుచు, ఎవరికి అవసరమైన వారికి తోడు రావలెను. ఎవరు చనిపోయినను మొదటి ఆరోపణ అతని మీదనే: సమయమునకు రాలేదని. ఒకే క్షణమున మూడు చోట్ల ఉండుట అతనికి సాధ్యము కాదు. ఆ సంగతి తిట్టువానికిని తెలియును. రేపు తానే జంగ్లరుగా ఆడినపుడు మరింత బాగుగా తెలియును. ఉమ్మడి కుటుంబములలో వంటయింటి బాధ్యత ఎవరిదో వారి మీదనే ఇంటిల్లిపాది అలుక దిగుట చూచినవారికి ఇది వింతగా తోపదు.

ఇక గణనము. ఆటగాని బలమును సంఖ్యతో కొలుచు పద్ధతికి మూలపురుషుడు హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్రాచార్యుడు అర్పాద్ ఎలో. చదరంగము కొరకు ఆయన రూపొందించిన ఆ పద్ధతిని అంతర్జాతీయ చదరంగ సమాఖ్య 1970లో స్వీకరించినది. ఆన్‌లైన్ క్రీడలలోని ర్యాంకులన్నియు ఆ వంశమువే. ఇట్టి గణనము సమానబలులను సమానబలులతో ఆడించును గనుక, అది చక్కగా పనిచేసిన కొలది ప్రతివాడును సుమారు సగము ఆటలు ఓడవలెను. వంద ఆటలు ఆడినవానికి ఏబది పరాజయములు. ఇది దోషము కాదు, పద్ధతి సఫలమైనదనుటకు గుర్తు. చదరంగములో ఆ ఏబది పరాజయములను మోయవలసినది ఒక్కడే. నింద మోపుటకు రెండవవాడు లేడు. ఐదుగురి జట్టులోనో, ప్రతి పరాజయమునకు నలుగురు ప్రతివాదులు సిద్ధముగా కూర్చుండియుందురు.

అందుచేతనే ‘ఎలో హెల్’ అను పదము పుట్టినది. ‘ఎలో నరకము’ అని అర్థము. వాస్తవమునకు తాను గొప్ప ఆటగాడు, కాని కంప్యూటరు ప్రతిసారియు పనికిమాలిన సహచరులను అంటగట్టుటచే క్రింది ర్యాంకులో చిక్కుకొనియున్నాడు — ఇది ఆ నరకవాసి విశ్వాసము. లెక్క వేసిన ఇది నిలువదు. పనికిమాలినవారు యాదృచ్ఛికముగా పంచబడుచున్నచో, తన జట్టులో వారికి నాలుగు స్థానములే కలవు, ఐదవది తాను గనుక. ఎదుటి జట్టులో ఐదును ఉన్నవి. నిజముగా తాను మేలైనవాడైనచో, పెక్కు ఆటల మీద యాదృచ్ఛికత అతనికి అనుకూలమే కావలెను. అయినను ఆ విశ్వాసము చెక్కుచెదరదు. గెలుపు తన ప్రతిభ, ఓటమి ఇతరుల దోషము అను బుద్ధి మానవునకు కొత్తది కాదు. మనస్తత్వశాస్త్రము దీనిని ప్రయోగములలో పలుమారులు చూచినది. కొత్తది ఏమనగా, ఆ బుద్ధికి రోజుకు పది పర్యాయములు ఆహారము పెట్టు యంత్రము.

ఇపుడు లోకము చెప్పు సమాధానములను పరీక్షింపవచ్చును.

మొదటిది: కొందరు దుష్టులు ఉన్నారు, వారిని తొలగించిన సరిపోవును. రయట్ సంస్థలో ఈ పరిశోధనకు నాయకత్వము వహించిన జెఫ్రీ లిన్ నాడీశాస్త్రములో డాక్టరేటు పొందినవాడు. ఆయన బృందము దూషణల మూలములను లెక్కించిన, నిత్యము విషము చిమ్ము ఆటగాళ్ళ నుండి వచ్చునది సుమారు 13 శాతము మాత్రమే అని తేలెను. మిగిలిన 87 శాతము, సామాన్యముగా మర్యాదగానే ఆడు వారి నుండి వచ్చినది. ఒకనాడు ఆఫీసులో చీవాట్లు, ఒకనాడు నిద్రలేమి, ఒకనాడు వరుసగా మూడు ఓటములు — ఆ పూట వారు నోరు జారిరి. తక్కిన దినములలో వారు సజ్జనులే. ఈ ఒక్క సంఖ్య లోకపు మొదటి సమాధానమును చాలావరకు కూల్చివేయుచున్నది. దుష్టులనందరిని వెలివేసినను నదిలో నీరు పెద్దగా తగ్గదు.

2011 నుండి 2014 వరకు ఆ సంస్థ ‘ట్రిబ్యునల్’ అను ఏర్పాటు నడిపినది. ఫిర్యాదు వచ్చిన ఆటగాని సంభాషణలను ఇతర ఆటగాళ్ళే చదివి, శిక్షార్హుడా క్షమార్హుడా అని ఓటు వేయుదురు. ఊరి రచ్చబండ వంటిదే. అచటి సమాచారమును పరిశోధకులు హేవూన్ క్వాక్, జెరెమీ బ్లాక్‌బర్న్, సుంగ్‌యోప్ హాన్ 2015లో విశ్లేషించిరి. కోటికి మించిన ఫిర్యాదులు, 14 లక్షల 60 వేల మంది నిందితులు. ఈ సంఖ్యను చూచినవారికి ‘కొందరు దుష్టులు’ అను మాట ఎంత దుర్బలమో బోధపడును. పదునాలుగు లక్షల మంది కొందరు కారు. అది ఒక మహానగరపు జనాభా.

రెండవ సమాధానము, ఆటలోని హింస. ఇది తల్లిదండ్రుల నోట తరచుగా వినబడును, ప్రభుత్వములకును ఇష్టమైనది. ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ మరికొందరు పరిశోధకులు 2014లో ప్రకటించిన ప్రయోగములలో ఒకటి దీనికి చక్కని పరీక్ష. వారు హింసయే లేని టెట్రిస్ ఆటను తీసికొనిరి. పైనుండి పడు ముక్కలను అమర్చుటయే ఆ ఆట. కొందరికి మామూలు ఆట ఇచ్చిరి. మరికొందరికి, ప్రతిసారియు అవసరమైన ముక్క రాకుండ, ఎందుకును సరిపడని ముక్కయే వచ్చునట్లు రహస్యముగా మార్చిన ఆట ఇచ్చిరి. రెండవవారిలో కోపభావము పెరిగెను. అందు రక్తము లేదు, శత్రువు లేడు, దూషించువాడు లేడు. ఉన్నదల్లా, చేయగలనన్న నమ్మకమునకు పదే పదే కలిగిన విఘ్నము. హింస లేనిచోట క్రోధము పుట్టినది గనుక, క్రోధమునకు హింసయే కారణమను వాదము వ్యతిరేక పరీక్షలో వీగిపోయినది. కోరిక అడ్డగింపబడిన క్రోధమగునని భగవద్గీత రెండవ అధ్యాయము చదివిన పాఠకులకు ఈ ఫలితము ఆశ్చర్యము కలిగింపదు; అయినను కంప్యూటరు ముక్కలతో దానిని కొలిచి చూపుట ముచ్చటగనే ఉన్నది.

మూడవ సమాధానము గంభీరమైనది, అజ్ఞాతత్వము. ముఖము, పేరు కనబడనిచోట మానవుడు నిగ్రహము సడలించునని మనస్తత్వశాస్త్రజ్ఞుడు జాన్ సులర్ 2004లో వివరించెను. ఆయన చెప్పిన ఆరు అంశములలో అజ్ఞాతత్వము ఒకటి మాత్రమే అను సంగతిని ఆయనను ఉదాహరించువారు తరచుగా మరచెదరు. ఎదుటివాని కన్నులు కనబడకపోవుట వేరొకటి; ఇదంతయు ఆటయే, నిజము కాదన్న భావన మరొకటి; పెద్దరికము వహించువారెవరును లేరన్న ధీమా ఇంకొకటి.

అన్వయ వ్యతిరేకములతో దీనిని చూడవలెను. కారణముండిన కార్యముండవలెను, కారణము లేనిచో కార్యముండరాదు. దక్షిణ కొరియా దేశము 2007లో, పెద్ద వెబ్‌సైట్లలో వ్రాయువారు తమ గుర్తింపు నిరూపింపవలెనని శాసనము చేసినది. 2012 ఆగస్టులో అచటి రాజ్యాంగ న్యాయస్థానము దానిని కొట్టివేయుచు, దానివలన అక్రమ వ్రాతలు చెప్పుకొనదగినంత తగ్గిన ఆధారము లేదనెను. ఆటలలోను అట్లే; నలుగురు స్నేహితులు, ఒకరి పేరొకరికి, ఇంటి పేరుతో సహా తెలిసినవారు, కలసి ఆడునపుడు కంప్యూటరు ఐదవవానిగా ఒక అపరిచితుని చేర్చును. ఆ ఐదవవాని గతి అడుగరాదు. స్నేహితుల ఎదుట వారి నోరు అదుపులోకి రాదు సరికదా, పోటీపడి పదునెక్కును. ఇచట దూషించువాడు తనవారికి అజ్ఞాతుడు కాడు.

దీనికి ప్రతిగా, అజ్ఞాతత్వము పరిపూర్ణముగా ఉండియు దూషణ లేని ఆట ఒకటి కలదు. 2012 మార్చిలో దట్‌గేమ్‌కంపెనీ అను చిన్న సంస్థ ప్లేస్టేషన్ 3 కొరకు విడుదల చేసిన ‘జర్నీ’. ఎర్రని వస్త్రము ధరించిన ఒక యాత్రికుడు ఎడారిగుండా దూరపు పర్వతమువైపు నడచుటయే ఆ ఆట. నడుమ ఎక్కడనో మరియొక యాత్రికుడు ఎదురగును. అతడు ప్రపంచములో ఎచటనో ఉన్న నిజమైన మనిషి. పేరు కనబడదు, దేశము తెలియదు, మాటలాడుటకు మైకు లేదు, వ్రాయుటకు చాట్ లేదు. ఒక చిన్న గంట వంటి ధ్వని చేయుట తప్ప వేరు భాష లేదు. ఇంతకుమించిన అజ్ఞాతత్వము ఊహింపలేము. అయినను ఆ ఆటలో అపరిచితులు ఒకరికొకరు దారిచూపి, వెనుకబడినవాని కొరకు ఆగి, మంచుతుపానులో ఒకరినొకరు అంటిపెట్టుకొని నడచుదురు. ఆట ముగిసిన పిదప మాత్రమే, దారిలో కలసిన తోడు యాత్రికుల పేర్లు తెరపై వచ్చును.

ఇది వారి సాధుత్వము వలన జరిగినదని తలంపరాదు. రూపకర్త జెనోవా చెన్ చెప్పిన వృత్తాంతము ఇచట మిక్కిలి విలువైనది. ఆట తొలి రూపములలో యాత్రికుల శరీరములు ఒకదానికొకటి తగులునట్లును, ఒకరినొకరు నెట్టుటకు వీలుగాను ఉండెడివి. పరీక్షకు కూర్చుండినవారు తోడివానికి సహాయము చేయుటకు మారుగా లోయలలోనికి నెట్టి వినోదించిరి. సామగ్రి పరిమితముగా ఉంచిన, దానికై ఎగబడిరి. చెన్ మనుష్యుల మీద నిరాశ చెందలేదు, నియమములు మార్చెను. నెట్టుటకు వీలు లేకుండ చేసెను. ఒకరు పొందినది రెండవవానికి తగ్గకుండ చేసెను. ఇద్దరు యాత్రికులు సమీపించి తాకినచో ఇద్దరికిని ఎగురు శక్తి నిండునట్లు చేసెను. అదే తరహా మనుష్యులు, అదే అజ్ఞాతత్వము. ప్రవర్తన మాత్రము తలక్రిందులైనది.

లీగ్ ఆఫ్ లెజెండ్స్‌లో తోడివాని సామీప్యము ప్రమాదహేతువు కావచ్చును, జర్నీలో అది ఎల్లవేళల లాభహేతువు. మొదటిదానిలో ఫలము ఉమ్మడి, కర్తృత్వము మాత్రము ఐదు ముక్కలు. ఒకడు తన చేతిలో లేని నాలుగు జతల చేతుల ఫలితమును తన ర్యాంకుగా, తన ముఖముపై వ్రాతగా మోయవలసియున్నది. చేయునది పరుడు, అనుభవించునది తాను. ఆ పరునితో బంధుత్వము లేదు, గతము లేదు, రేపు మరల కలియుట అరుదు. కుటుంబములో తమ్ముని తప్పునకు అన్న నష్టపోయినను, ఆ తమ్మునితో రేపు అన్నము తినవలెను గనుక కోపమునకు ఒడ్డు ఉండును. ఇచట ఒడ్డు లేదు. అజ్ఞాతత్వము అగ్ని కాదు; ఆర్పువాడు లేకపోవుట మాత్రమే. అగ్ని వేరొకచోట, ఉమ్మడి ఓటమిలో రాజుకొనుచున్నది.

మానవుని నోటికి దూషణ ఎంత దూరమున ఉన్నదో చూపు చిన్న ప్రయోగమొకటి ఆ రయట్ సంస్థయే చేసినది. ఎదుటి జట్టుతో మాటలాడు చాట్‌ను మూసి ఉంచి, కావలసినవారు సెట్టింగులలోనికి పోయి తెరచుకొనవచ్చునని పెట్టిరి. నిషేధము కాదు, ఒక మీట దూరము మాత్రమే. వారము తిరిగిన పిదప చూడగా, దుర్భాష 30 శాతమునకు మించి తగ్గినది, మంచిమాటలు సుమారు 35 శాతము పెరిగినవి. చాట్ వాడకము మాత్రము ఇంచుమించు పూర్వమంతయే ఉన్నది. మరియొక ప్రయోగములో, తప్పు చేసిన సహచరుని దూషించిన అతడు ఇంకను చెడుగా ఆడునను వాక్యమును ఆట తెరచుకొను వేళ చూపిరి. ఎర్రని అక్షరములలో చూపినపుడు అసభ్యపదములు సుమారు 11 శాతము తగ్గినవి. తెల్లని అక్షరములలో చూపిన అంతటి ప్రభావము లేదు. రంగు మారిన తగ్గు క్రోధమును స్వభావదోషమనుట ఎట్లు?

స్వభావము కాకపోయినను, అలవాటు అగును. ధర్మము తెలియనిచోట శిష్టుల ఆచారము చూచి నేర్చుకొమ్మని పెద్దలు చెప్పుదురు. ఈ క్రీడలలోనికి కొత్తగా వచ్చిన పదునాలుగేండ్ల బాలుడు అదియే చేయుచున్నాడు. తొలి ఇరువది ఆటలలో తనను తిట్టినవారు తనకంటె బాగుగా ఆడువారు. కావున తిట్టుట నేర్పరితనపు లక్షణమని అతడు గ్రహించును. నెల తిరుగక మునుపే తనకంటె కొత్తవానిని అదే పదములతో పలుకరించును. బోధించినవాడు ఎవడును లేడు, విద్య మాత్రము అబ్బినది.

స్త్రీల విషయము ప్రత్యేకముగా చెప్పవలెను. హాలో 3 అను ఆటలో జెఫ్రీ కుజ్‌నెకాఫ్, లిండ్సే రోజ్ ముందుగా ముద్రించిన స్వరములను వినిపించి పరీక్షించిరి. ఒకే మాటలు పురుషస్వరముతో, స్త్రీస్వరముతో పలికించిన, స్త్రీస్వరమునకు మూడురెట్లు అధికముగా దుర్వాక్యములు ఎదురయ్యెను. ఆ సమాచారమునే మరల పరిశీలించి కుజ్‌నెకాఫ్ మైకేల్ కాసుమోవిచ్‌తో కలసి 2015లో ప్రకటించిన వ్యాసములో ఇంకొక సంగతి బయటపడెను. స్త్రీస్వరముపై ఎక్కువ కసి చూపినవారు నైపుణ్యము తక్కువైన పురుషులు. బాగుగా ఆడువారు ఆమెపట్ల మర్యాదగా ఉండిరి. అదే తక్కువ నైపుణ్యము గలవారు పురుషస్వరము ఎదుట మాత్రము అణగియుండిరి. తన స్థానము జారిపోవునను భయము ఉన్నవానికే స్త్రీ గొంతు ములుకుగా గ్రుచ్చుకొనుచున్నది.

ఈ చర్చకు తెలుగు నేలతో సంబంధము లేదని తలంపరాదు. రయట్ సంస్థయే 2020 జూన్‌లో ‘వాలరెంట్’ అను మరియొక ఐదుగురి ఆటను విడుదల చేసినది. దానికి ముంబయిలో సర్వర్లు కలవు. తెలుగు యువకులు హిందీ, తమిళము, మలయాళము మాటలాడు అపరిచితులతో ఒకే జట్టులో కూర్చుందురు. ఇందు వ్రాతకంటె మాట ముఖ్యము. శత్రువు ఏ మూలనుండి వచ్చుచున్నాడో చూచినవాడు క్షణములో మైకులో చెప్పకపోయిన తక్కినవారు చత్తురు. ఐదుగురికి ఉమ్మడి భాష లేకపోవుట అనునది అచట ఇంకొక వంటచెరకు. ఆ సంస్థ 2022 జూలైలో, మైకు సంభాషణలను యంత్రముచే పరీక్షింపజేయు పనిని ఆరంభించినది; ఆరంభము ఉత్తర అమెరికాలో, ఆంగ్లభాషతో. ఆంగ్లము నేర్పిన యంత్రమునకు తెలుగు తిట్టు అర్థము కాదు. తెలుగు తిట్టునకు గల లోతు, వైవిధ్యము తెలిసినవారు ఆ యంత్రముపై జాలి పడవలసినదే.

ఇట్టి ఆటలోనికి ఒక తెలుగు అమ్మాయి వచ్చినదని ఊహింపవచ్చును. ఇంజనీరింగు చదువుచున్నది, వసతిగృహములో ఉన్నది, ఆట బాగుగా వచ్చును. మొదటి వారములో మైకు తెరచి మాటలాడినది. వంటయింటికి పొమ్మన్నవారు, ఫోను నంబరు అడిగినవారు, ఆమె చనిపోయిన ప్రతిసారియు పెద్దగా నవ్వినవారు తటస్థించిరి. మ్యూట్ మీట ఉన్నది, నొక్కినది. కాని మ్యూట్ చేసిన, వారి తిట్లతో పాటు వారు చెప్పు ఉపయోగకరమైన మాటలును వినబడవు. కావున రెండవ వారమునుండి ఆమె వారి గొంతులు విని, తన మైకు మాత్రము ఆపివేసి ఆడుచున్నది. పేరును కూడ మగవాని పేరువలె మార్చుకొన్నది. ఎడమవైపు గోడ వెనుక ఇద్దరు శత్రువులు నక్కియుండుట ఆమెకే ముందుగా కనబడును. టైపు చేయుటకు వ్యవధి లేదు, పలుకుటకు మనసొప్పదు. జట్టు ఆ మూలనే చిక్కి ఓడును. ఓటమికి కారకుడెవడని తక్కిన నలుగురు, ఒకరి నొకరు తిట్టుకొనుచు, వెదకుట మొదలుపెట్టుదురు.